సంతకం ఎప్పటిది? ఫొటో ఎప్పటిది?

ప్రశ్న: 1971 యుద్ధంలో మన సైన్యాధిపతి మానెక్‌షా ఫొటో ఒకటి కొన్నాను. వెనక ‘డిసెంబర్ 1971’ అని పెన్సిల్‌తో ఉంది. ముందువైపు సంతకం, దాని కింద ‘ఫీల్డ్ మార్షల్’ అని ఉన్నాయి. అమ్మినాయన యుద్ధకాలపు సంతకమేనంటున్నాడు. నమ్మొచ్చా? (విజయనగరం పాఠకుడు)

జవాబు: యుద్ధకాలపు సంతకం మాత్రం కాదు. 1971 డిసెంబర్‌లో ఆయన జనరల్. ఫీల్డ్ మార్షల్ హోదా 1973 జనవరిలో వచ్చింది. ఆయన 2008 జూన్ వరకూ ఉన్నారు కాబట్టి ఆ ముప్పై అయిదేళ్లలో ఎప్పుడైనా పెట్టి ఉండొచ్చు. అలాగని దొంగ సంతకమని తీసిపారేయకండి. పాత ఫొటో మీద తర్వాత సంతకం పెట్టించుకోవడం మామూలే. ధర మాత్రం ఆ లెక్కనే ఉండాలి.

ఫొటో ఎప్పటిదో భుజం చెబుతుంది. జనరల్‌కి కత్తి, దండం (బ్యాటన్) అడ్డంగా పెనవేసి ఉంటాయి, వాటిపైన నక్షత్రం, ఆపైన సింహాలు. ఫీల్డ్ మార్షల్‌కీ కత్తి, దండం ఉంటాయి. కానీ వాటి చుట్టూ తామరపూల దండ, పైన సింహాలు ఉంటాయి. ఇక ఛాతీ రిబ్బన్లలో పూర్వీ స్టార్ గానీ పశ్చిమీ స్టార్ గానీ కనబడితే అది యుద్ధం ముగిశాక తీసిన ఫొటోయే. ఆ పతకాలు ఇచ్చిందే ఆ యుద్ధానికి.

ఇప్పుడు సంతకం సంగతి. పదింతల భూతద్దం తెచ్చుకోండి. ఫొటోని కిటికీ దగ్గర పట్టుకుని, వెలుతురు పక్కనుంచి పడేలా మెల్లగా వాల్చండి. బాల్‌పెన్ అయితే కాగితంలో సన్నటి గాడి కనబడుతుంది. ఫౌంటెన్ పెన్ సిరా ఉన్నచోట ఫొటో మెరుపు తెగుతుంది, గీతలు ఒకదాన్నొకటి దాటేచోట రంగు చిక్కబడుతుంది. గాడీ లేక, మెరుపూ తెగక, సంతకం ఫొటో లోపలే ఉన్నట్టుంటే అది నెగెటివ్ నుంచి ప్రింటుతోపాటే వచ్చింది. చుక్కలు చుక్కలుగా ఉంటే అచ్చుయంత్రం పని. అంచుల వెంట సిరా గట్టులా పేరుకుని, మధ్యలో పలచగా ఉంటే రబ్బరు ముద్ర. నల్లకాంతి (అతినీలలోహిత) టార్చి 1971 ఫొటోకి పెద్దగా పనికిరాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటిదని అమ్మే ఫొటోకి మాత్రం తప్పకుండా వాడండి: కాగితం నీలి తెలుపుగా వెలిగితే అది 1950ల తర్వాతి కాగితం. వెలగకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు.

ఢాకా లొంగుబాటు ఫొటో కొనేవారికీ ఒక మాట. బల్ల దగ్గర కూర్చున్నవారు మన తూర్పు కమాండ్ అధిపతి అరోరా, లొంగిపోయిన పాకిస్తాన్ జనరల్ నియాజీ. వెనక నిలబడ్డవారిలో తెల్ల దుస్తుల్లో ఉన్నాయన వైస్ అడ్మిరల్ కృష్ణన్, అప్పట్లో విశాఖ కేంద్రంగా తూర్పు నౌకాదళాన్ని నడిపినవారు. అందులో ముగ్గురు నలుగురి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో ఉంటే నేనైతే కొనను. అంతమంది ఒకేచోట కూర్చుని పెట్టారనడానికి చెప్పుకోదగ్గ ఆధారం చూపించమనండి.

ప్రశ్న: సైన్యంలో పనిచేసిన మామయ్య ఫొటో అద్దానికి అంటుకుపోయింది. కింద ఆయన కమాండర్ సంతకం ఉంది. ఊడదీయడం ఎలా? (విశాఖ పాఠకురాలు)

జవాబు: ఊడదీయకండమ్మా. సముద్రపు తేమకి ఫొటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దాన్ని పట్టేసింది. లాగితే బొమ్మా సంతకమూ అద్దంతోనే వస్తాయి. నీళ్లలో నానబెడితే ఫొటో విడివడినా, ఫౌంటెన్ పెన్ సిరా కరిగి కొట్టుకుపోతుంది. ముందు అద్దంతోపాటే 600 డీపీఐలో స్కాన్ చేయించి టిఫ్ ఫైలుగా దాచండి. తర్వాత ఫొటోల సంరక్షణ తెలిసినవారికి అప్పగించండి.

మిగతా ఫొటోలకి ఈ గతి పట్టకుండా అద్దానికీ ఫొటోకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఆమ్లరహిత అట్ట చట్రం పెట్టించండి. జిగురు పేజీల ఆల్బమ్, పీవీసీ కవరు, సెల్లో టేపు, లామినేషన్ ఈ నాలుగూ వద్దు. పాలియెస్టర్ కవర్లు మేలు. వివరాలు వెనకవైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్‌తో రాస్తే ఒత్తిడికి ముందువైపు గీత పొడుచుకొస్తుంది. ఎవరిది, ఏ యూనిట్, ఏ ఊళ్లో, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అన్నీ రాయండి. మామయ్యగారి పేరుతో వచ్చిన సైనిక తపాలా (56 ఏపీవో) కవరు లాంటిది ఉంటే పారేయకుండా దాంతోపాటే ఉంచండి. ఆ సంతకానికి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

ప్రశ్న: 1944లో బర్మా సరిహద్దు నుంచి ఒక అధికారి రాసిన ఉత్తరం మా దగ్గర ఉంది. అమెరికాలోని తమ్ముడికి పంపొచ్చా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: తొందరపడకండి. చారిత్రక విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే 1972 నాటి చట్టం దాన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది. పురావస్తువుని సొంతంగా దేశం దాటించడం నేరం. మీ ఉత్తరం ఆ కోవలోకి రాదని పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తేనే పంపండి. ఈలోగా తమ్ముడికి స్కాన్ పంపితే చదువుకుంటాడు.