ఆడపిల్లలకు 3డి బొమ్మలు బుర్రకెక్కవా? మరి మన జాకెట్లు ఎవరు కత్తిరిస్తున్నట్టు?

ప్రశ్న: "మా పాపకు ఎనిమిదేళ్లు. మా ఆడపడుచు గారి ఆయన సైకాలజీలో పీజీ చేశారు. ఆకారాల్ని మనసులో తిప్పి చూసే శక్తి ఆడపిల్లలకు పుట్టుకతోనే తక్కువని పరిశోధనల్లో తేలిందట. లెక్కలు, ఇంజనీరింగ్ అంటూ పిల్లను ఇబ్బంది పెట్టొద్దంటున్నారు. నిజమేనా?"

నేను ఒంగోలు దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. ఈ మాట నాకు కొత్త కాదు. ఏటా మొదటి షీట్లు దిద్దే రోజుల్లో మా స్టాఫ్ రూములో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. "ఆడపిల్లలు గీతలు నీటుగా గీస్తారు మేడం, బొమ్మ మాత్రం కనిపించదు" అని. నీటుగా గీయడం కూడా తప్పయినట్టు.

మీ అన్నయ్యగారు అబద్ధం చెప్పలేదమ్మా, సగం చెప్పారు. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అని ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న ఘనాలు అతికించినట్టుండే బొమ్మలు రెండేసి చూపించి, రెండూ ఒకటేనా కాదా చెప్పమన్నారు. బొమ్మ ఎంత ఎక్కువ తిరిగి ఉంటే జవాబు చెప్పడానికి అంత ఎక్కువసేపు పట్టింది. అంటే మనం లోపల నిజంగానే ఆ బొమ్మను తిప్పుకుంటున్నామన్నమాట. 1978లో వాండెన్‌బర్గ్, క్యూస్ ఆ రకం బొమ్మలతోనే కాగితం మీద రాసే పరీక్ష తయారుచేశారు. దాంట్లో మగవాళ్ల సగటు ఎక్కువ రావడం నిజమే. చాలా దేశాల్లో, చాలాసార్లు వచ్చింది. కానీ అది గడియారం పెట్టి రాయించే పరీక్ష. టైము టెన్షన్ తీసేస్తే ఆ తేడా తగ్గుతుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పరీక్షలో ఆడవాళ్లకే ఎక్కువ వచ్చిందని 1992లో సిల్వర్‌మన్, ఈల్స్ చూపించారు. ఆ సంగతి మీ అన్నయ్యగారు ఎత్తి ఉండరు. ఆయన కళ్లజోడు ఇంట్లో ఎవరు వెతికి పెడుతున్నారో కనుక్కోండి.

సరే, నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఉలవపాడు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది నా క్లాసులో. ప్రొజెక్షన్స్ దగ్గర, అంటే ఒకే వస్తువును ముందునుంచి, పైనుంచి చూసినట్టు గీసే పాఠం దగ్గర, బాగా దెబ్బతింది. ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ తారుమారు చేసేది. మిడ్ పరీక్షలో వచ్చిన మార్కులు చూసి ఏడ్చింది కూడా. ఆ తర్వాత డెవలప్‌మెంట్ పాఠం వచ్చింది, అంటే ఆకారాన్ని విప్పి చదునుగా పరిచి గీయడం. ఒక రేకు గొట్టం ఉంది, దాని పైభాగాన్ని ఏటవాలుగా కోశాం, ఇప్పుడు ఆ గొట్టాన్ని విప్పి బల్ల మీద పరిస్తే పై అంచు ఎలా ఉంటుంది? క్లాసంతా గీయమన్నాను. దాదాపు అందరూ ఏటవాలు గీత కొట్టారు. కోత తిన్నగానే ఉంది కదా, విప్పినా తిన్నగానే ఉంటుందని వాళ్ల లెక్క. ప్రతి బ్యాచ్‌లో జరిగేదే ఇది, అబ్బాయిలు అమ్మాయిలు అని లేదు.

ఈ పిల్ల మాత్రం గీతలు గీసే పరికరం డ్రాఫ్టర్‌ను పక్కన పెట్టి, పెన్సిల్‌తో చేత్తోనే ఒక వంపు గీసింది. ఎడమ పక్క కింద మొదలై, మధ్యలో పైకి లేచి, మళ్లీ కుడి పక్క కిందికి దిగిన వంపు. జవాబు అదే. ఎలా తెలిసిందని అడిగితే, "జాకెట్ చెయ్యి కదా మేడం ఇది" అంది.

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. వాళ్లమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల పాత పేపర్ల మీద కటింగులు చేస్తూ పెరిగింది. జాకెట్ చెయ్యి అంటే ఏమిటి? ఒక గొట్టం. అది ఒంటికి ఏటవాలుగా అతుకుతుంది. అందుకే బట్ట మీద కత్తిరించేటప్పుడు భుజం వైపు వంపు పైకి లేచి ఉంటుంది. చంక కింద కుట్టు వచ్చేది పొట్టి వైపు. మా డ్రాయింగ్ పుస్తకాల్లోనూ గొట్టాన్ని విప్పేది పొట్టి గీత దగ్గరే. మేం వృత్తాన్ని 12 భాగాలు చేసి, ఒక్కో గీత ఎత్తు కొలిచి, చుక్కలు పెట్టి, కలిపి ఆ వంపు తెస్తాం. వాళ్లమ్మ చంక రౌండు ఒకసారి టేపుతో కొలిచి, సుద్దతో గీసేస్తుంది. కొలతల్లో కొంచెం అటూ ఇటూ ఉన్నా వంపు పుట్టే కారణం ఒకటే.

పిల్ల అంతటితో ఊరుకోలేదు. నోట్సులోంచి కాగితం చించి, ఆ వంపు కత్తిరించి, గొట్టంలా చుట్టి పక్క బెంచీ అబ్బాయి చేతిలో పెట్టింది. వాడు దాన్ని బల్ల మీద బోర్లా పెట్టి చూశాడు. కోసిన అంచు చుట్టూతా బల్లకు ఆనింది, గొట్టం ఓ పక్కకు ఒరిగి నిలబడింది. క్లాసులో ఈలలు. అప్పుడే మా సీనియర్ సారొకాయన తలుపు దగ్గరికొచ్చి ఏంటీ గోలన్నారు. చెప్పాను. విని, "అది టైలరింగ్ మేడం, ఇది ఇంజనీరింగ్" అని వెళ్లిపోయారు.

ఇదీ నాకు మండే విషయం. పరిచిన బట్టను చూసి మనిషి ఆకారాన్ని ఊహించడం, ఆ ఆకారాన్ని మళ్లీ చదునైన ముక్కలుగా విప్పడం, మీటరు పీసులో చేతులు, వీపు, ముందు భాగం, పట్టీలు ఎటు తిప్పి పెడితే సరిపోతాయో చూసుకోవడం. మగవాడు రేకు మీద చేస్తే వర్క్‌షాపు, ఆడది బట్ట మీద చేస్తే ఇంటిపని! ముగ్గుల సంగతి నేనెత్తను. ఈ ప్రశ్నకు జవాబు రాసేవాళ్లలో సగం మంది ఎలాగూ అదే రాస్తారు.

అయితే ప్రొజెక్షన్స్‌లో ఆ పిల్లకు ఎందుకు రాలేదని మీరు అడగొచ్చు. ఎవరూ చేతికివ్వలేదు కాబట్టి రాలేదు. చెక్క దిమ్మలు, పైపులు, మోటారు విప్పడం, ఇవన్నీ ఇంట్లో వాళ్ల తమ్ముడికి. 2019లో జిలియన్ లావర్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. చిన్నపిల్లల్లో ఈ తేడా చాలా కొంచెం. వయసు పెరిగేకొద్దీ, టీనేజీ దాకా, పెరుగుతూ పోతుంది. మూడు నుంచి ఐదు నెలల పసివాళ్లలోనే తేడా కనబడిందని 2008లో వచ్చిన పరిశోధనలు మీ అన్నయ్యగారు చూపిస్తారు, నాకు తెలుసు. పసిబిడ్డ ఏ బొమ్మ వంక ఎన్ని సెకన్లు ఎక్కువ చూసిందో కొలిచి రాసినవి అవి. దాన్నిబట్టి ఎనిమిదేళ్ల పిల్ల ఏం చదవాలో తేలుస్తారా?

ఆ తేడా పెరిగే వయసేదో చూడండి. మన ఊళ్లలో ఆడపిల్ల సైకిలు మూలపడే వయసు. పెద్దమనిషి అయ్యాక ట్యూషన్‌కి నాన్న బండి మీద, బజారుకి అమ్మ వెనకాల. కొన్నేళ్ల కిందట ప్రభుత్వ హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు, మంచి పని. మా వీధిలో వాటి మీద తిరిగింది మాత్రం అన్నలూ, తమ్ముళ్లూ. నెల్లూరులో మా పిన్ని కూతురు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఆ ఊళ్లోనే ఉన్న మద్రాసు బస్టాండు నుంచి ఆత్మకూరు బస్టాండుకి ఎలా వెళ్లాలంటే ఆటో అతన్ని అడుగు అంటుంది. తనను ఒంటరిగా పంపిందెప్పుడు? దారి బుర్రలో పడాలంటే ముందు కాళ్ల కింద పడాలి కదా.

కెన్యాలో లోగోలి అనే తెగ పిల్లల మీద మన్రో దంపతులు 1971లోనే ఈ సంగతి రాశారు. ఇంటికి దూరంగా తిరిగే పిల్లలు ఆకారాల పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. ఎక్కువ దూరం తిరిగేది మగపిల్లలు. అక్కడిదాకా ఎందుకు, మన మేఘాలయ వైపే చూడండి. 2011లో వచ్చిన పరిశోధన, దాదాపు 1,300 మందికి నాలుగు ముక్కల పజిలిచ్చారు. ఆస్తి మగవాళ్లకు పోయే కర్బీ తెగలో మగవాళ్లు త్వరగా పేర్చారు. ఆస్తి చిన్నకూతురికి పోయే ఖాసీల్లో ఆడామగా తేడా లేదు. పక్కపక్కన బతికే జనాలే. ఇక పుట్టుకతో వచ్చిందంటే నేనెలా నమ్మేది?

ఇప్పుడు మగపిల్లలకూ అదే గతి పడుతోంది లెండి. ఆరో తరగతి నుంచే హాస్టల్లో వేసి, గ్రౌండు లేని నాలుగంతస్తుల బిల్డింగులో చదివించి మా దగ్గరికి పంపుతున్నారు. ఉత్తరం ఎటని అడిగితే ఫోను తీస్తారు. ఐఐటీ ఫౌండేషన్ అట. ఏడో తరగతి పిల్లాడికి గోళీకాయ ఆడటం రాదు.

నేర్పితే వస్తుందా అంటే, వస్తుంది. అమెరికాలో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ మిషిగన్ టెక్‌లో 1993లో దీనికోసమే ఒక కోర్సు మొదలుపెట్టారు. మొదట ఆకారాల పరీక్షలో తప్పినవాళ్లను కూర్చోబెట్టి, దిమ్మలు చేతికిచ్చి, చూసి గీయించడమే దాంట్లో పని. అది చదివిన అమ్మాయిలు ఇంజనీరింగ్ మధ్యలో వదిలేయడం తగ్గింది. 2013లో డేవిడ్ ఉట్టల్ బృందం 217 పరిశోధనలు కలిపి చూసి, సాధన చేస్తే ఆడా మగా ఇద్దరూ మెరుగవుతారని రాశారు. నేనూ మా క్లాసులో మొదటి వారాలు డ్రాఫ్టర్ ముట్టుకోనివ్వను. బట్టల సబ్బు కోయిస్తాను. చవక, మెత్తగా తెగుతుంది. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూసి గీయమంటాను. సబ్బు వాసనకు మా అటెండరు తిట్టుకుంటాడు, అది వేరే సంగతి.

మీ పాపకు ఎనిమిదేళ్లంటున్నారు కాబట్టి కోచింగులూ, బ్రెయిన్ జిమ్ యాప్‌లూ ఏమీ వద్దు. మీ వీధి టైలరమ్మ ఒప్పుకుంటే శనివారం ఒక గంట ఆమె పక్కన కూర్చోనివ్వండి. పెన్సిల్ డబ్బాలు, టార్చిలైట్లు విప్పి మళ్లీ బిగించనివ్వండి, పాడైతే పాడైంది. ముఖ్యంగా సైకిలు. ఇరవై అంగుళాలది సరిపోతుంది. గులాబీ రంగు కావాలంటే ఎక్కువ రేటు చెబుతారు, బేరమాడండి. పక్క చక్రాలు కొన్నరోజే విప్పించేయండి. కొట్టుకి పంపినప్పుడు ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో రమ్మనండి.