రాజుల ఏళ్లు కూడే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. బైబిల్లో సొలొమోను తర్వాత రాజ్యం ఉత్తరాన ఇశ్రాయేలుగా, దక్షిణాన యూదాగా చీలిన దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రాజు ఏలిన ఏళ్లు కూడుకుంటూ వచ్చావు. ఇశ్రాయేలు సేనాపతి యెహూ తిరుగుబాటులో ఇశ్రాయేలు రాజు యెహోరాము, యూదా రాజు అహజ్యా ఇద్దరూ చచ్చారు కాబట్టి, అక్కడికి రెండు వైపులా మొత్తం ఒకటే రావాలి. నీ షీటులో ఇశ్రాయేలుకు 98, యూదాకు 95 వచ్చాయి. తేడా వచ్చిన మూడేళ్లను యూదా రాజు ఆసా ఖాతాలో కలిపేశావు. అలా సర్దకు.

పిల్లాడి వయసు అడిగితే ఒకరు పదకొండు నిండాయంటారు, ఇంకొకరు పన్నెండో ఏడు నడుస్తోందంటారు. ఇక్కడ జరిగిందీ అదే. మొదట్లో ఇశ్రాయేలు లేఖకులు రాజు గద్దెనెక్కిన ఏడాదిని, అది నెల మిగిలున్నా సరే, మొదటి ఏడుగా లెక్కేశారు. అదే ఏడు పోయిన రాజు ఖాతాలోనూ ఉంటుంది. అంటే రాజు మారినప్పుడల్లా ఒక ఏడు రెండుసార్లు పడుతుంది. యూదాలో ఆ మిగులు నెలలు వదిలేసి, కొత్త సంవత్సరం నుంచి ఒకటి అన్నారు. 1 రాజులు 15 తీసి చూడు: ఇశ్రాయేలు రాజు నాదాబు ఆసా రెండో ఏట ఎక్కి రెండేళ్లు ఏలాడు, అయినా బయెషా అతణ్ని చంపింది ఆసా మూడో ఏట.

దీన్ని బయటి ఆధారంతో సరిచూడొచ్చు. క్రీ.పూ. 853లో కర్కరు యుద్ధంలో ఇశ్రాయేలు రాజు అహాబు ఉన్నట్టు అష్షూరు రాజు మూడో షల్మనేసెరు రాతి శాసనం చెబుతుంది. (ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును ముట్టడించిన షల్మనేసెరు ఐదోవాడు, కలిపేయకు.) 841లో యెహూ మూడో షల్మనేసెరుకే కప్పం కట్టాడు. మధ్య దూరం 12 ఏళ్లు, అహాబు తర్వాత ఏలిన అతని కొడుకులిద్దరూ ఇందులోనే ఇమడాలి. బైబిల్లో అహజ్యాకు (యూదా అహజ్యా కాదు) 2, యెహోరాముకు 12, మొత్తం 14. ఒక్కోదాంట్లో ఒకటి తీసెయ్: 1, 11. సరిగ్గా సరిపోతుంది. అష్షూరు వాళ్ల సంవత్సరాల జాబితాకు క్రీ.పూ. 763 జూన్ 15 నాటి సూర్యగ్రహణం ఆధారం, అందుకే ఈ మేకులు కదలవు. ముందు ఇవి కొట్టు, తర్వాత రాజులను వాటికి తగిలించు.

ఈ సూత్రం ఒక్కదానితో అన్నీ విడిపోవు. ఒమ్రీ ఆసా 31వ ఏట ఇశ్రాయేలుకు రాజై 12 ఏళ్లు ఏలాడని ఉంది, కానీ అతని కొడుకు అహాబు 38వ ఏటే ఎక్కాడు. 27వ ఏట జిమ్రీ రాజై ఏడు రోజుల్లో చచ్చాక, జనం తిబ్నీ వైపు సగం, ఒమ్రీ వైపు సగం చీలారు. 27 నుంచి 38 దాకా రెండు కొసలూ కలిపి లెక్కపెట్టు, పన్నెండు వస్తాయి. 31 అన్నది ఒమ్రీకి పోటీ లేకుండా పోయిన ఏడు. యెహూ తర్వాతి భాగంలో ఈ రకం చిక్కులు ఎక్కువ. అక్కడ యూదా మొత్తం ఇశ్రాయేలు కంటే ఇరవై ఏళ్లకు పైగా పొంగుతుంది, తండ్రీ కొడుకులు కలిసి ఏలిన కాలం లెక్కలోకి తేక తప్పదు. యూదా రాజు అజర్యా కుష్ఠురోగియై విడిగా ఉంటే కొడుకు యోతాము రాజనగరు మీద అధికారిగా ఉన్నాడని 2 రాజులు 15:5 తానే చెబుతోంది.

యూదా రాజు హిజ్కియా దగ్గర మాత్రం తీర్పు చెప్పేయకు. షోమ్రోను పడింది అతని ఆరో ఏటట, అది సుమారు 722, అంటే సుమారు 727లో ఎక్కాడు. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తింది 14వ ఏటట, అది 701 కాబట్టి 715లో ఎక్కాడు. రెండు మాటలూ 2 రాజులు 18లోనే ఉన్నాయి. తండ్రి ఆహాజుతో కలిసి ఏలాడని కొందరు, ఒక అంకె మారిందని కొందరు అంటారు. నేను మొదటి మాట వైపే మొగ్గుతాను గానీ, నీ వ్యాసంలో రెండూ రాయి.

షీటులో తండ్రి పేరు, రాజ్యం రెండూ వేరే గడుల్లో పెట్టు. అహాబు కొడుకు యెహోరాము, యెహోషాపాతు కొడుకు యెహోరాము ఒకే కాలం వాళ్లు, అహజ్యాలూ ఇద్దరున్నారు. గ్రంథంలో ఉన్న అంకె ఒక గడిలో, నువ్వు తేల్చిన తేదీ ఇంకో గడిలో ఉండాలి. మొదటి గడిని ఎప్పుడూ దిద్దకు.

యెరూషలేము పతనానికి నువ్వు 586 అని వేశావు. దాన్ని 587/586 చెయ్యి. ఆఖరి రాజు సిద్కియా ఏళ్లను వసంతంలో నీసాను నెల నుంచి లెక్కిస్తే ఒకటి, శరత్తులో తిష్రీ నెల నుంచి లెక్కిస్తే ఇంకొకటి వస్తుంది. నెబుకద్నెజరు అంతకుముందు యెరూషలేమును పట్టుకున్న 597కి మాత్రం గీత అక్కర్లేదు, బబులోను వృత్తాంత ఫలకం నెబుకద్నెజరు ఏడో ఏడు, అదారు నెల రెండో రోజు అని నేరుగా ఇచ్చింది.