“దొంగ నొప్పులు” అనే మాట కనిపెట్టినవాళ్ళకు ఒక్క రాత్రి అవి రావాలి

ప్రశ్న: కాన్పు డేటు దాటి ఐదు రోజులైంది. మూడు రోజులుగా నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకసారి ఏడు నిమిషాలకు, ఒకసారి అరగంటకు. ఆసుపత్రికి వెళ్తే ఇంకా టైముంది అని పంపేశారు. ఇంట్లో ఎలా తట్టుకోవాలి?

మీ ప్రశ్న చదువుతుంటేనే నా నడుము పట్టేసినట్టైంది. మా అమ్మాయికి ఇప్పుడు నాలుగేళ్ళు. ఆ ఐదు రాత్రులు మాత్రం నిన్న మొన్నటిలాగే ఉన్నాయి. నేను డాక్టర్ని కాను, నాకున్నది ఒకే ఒక్క కాన్పు అనుభవం. అయినా ఈ విషయంలో గట్టిగానే మాట్లాడతాను.

నాకు 40 వారాల 2 రోజుల రాత్రి మొదలయ్యాయి. పొత్తికడుపు రాయిలా బిగుసుకోవడం, నడుములోంచి ఒక పోటు ముందుకు రావడం, నిమిషంలోపు వదిలేయడం. తెల్లారేసరికి ఒక్కటి కూడా లేదు. పగలంతా మామూలుగా తిరిగాను. రాత్రి పదకొండయ్యేసరికి మళ్ళీ హాజరు. రెండో రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాం. లోపల చెక్ చేసి “గర్భసంచి ముఖద్వారం ఒక సెంటీమీటరే తెరుచుకుంది, వెళ్ళి రండి” అన్నారు. సర్దుకున్న బ్యాగు సర్దుకున్నట్టే వెనక్కి వచ్చింది.

మూడో రాత్రి వెళ్ళలేదు. నొప్పి తక్కువై కాదు, పరువు పోతుందని.

నాలుగో రాత్రి సంగతి చెప్పాలి. ఆ రోజు మా ఆయన ఫోనులో నొప్పులు లెక్కపెట్టే యాప్ ఒకటి వేసుకున్నాడు. నాకు నొప్పి మొదలవగానే “స్టార్ట్” అనాలి, తగ్గగానే “స్టాప్” అనాలి. ఆయన నొక్కుతుంటాడు. పాపం, చేయడానికి ఇంకేమీ లేని మనిషికి అదొక ఉద్యోగం దొరికింది. రాత్రి ఒంటిగంట నుంచి ఆరు నిమిషాలు, ఆరు నిమిషాలు, ఏడు, ఐదు. యాప్ ఎర్రగా మెరిసి ఇక బయల్దేరమంది. అమ్మ బ్యాగు, నేను దిండు పట్టుకుని కారెక్కాం. సగం దారికి వచ్చేసరికి నొప్పి లేదు. ఆసుపత్రి గేటు దాటేసరికి అసలు నాకెప్పుడైనా నొప్పి వచ్చిందా అన్నంత హాయిగా ఉంది. పొట్టకు బెల్టులు కట్టి ఇరవై నిమిషాలు బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేశారు. ఆ ఇరవై నిమిషాల్లో నొప్పులు చూపించే గీత ఒక్కసారి కూడా పైకి లేవలేదు. నేను ఆ కాగితం వైపు చూస్తూ, ఒక్కటి రావే తల్లీ, ఒక్కటి చాలు అని వేడుకుంటున్నాను. పరీక్ష హాల్లో చదివినదంతా మర్చిపోయినట్టు ఉంది నా పరిస్థితి.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు మనిషి, అలిసిపోయి ఉంది. “ఇవి నొప్పులు కావమ్మా, దొంగ నొప్పులు” అనేసి వెళ్ళిపోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటు. నాలుగు రాత్రులు నిద్ర లేకుండా పడినవి నొప్పులు కాకపోతే మరి ఏమిటవి? నేను ఏడుపు ఆపుకుంటున్నాను. బెల్టులు విప్పుతున్న పెద్ద నర్సమ్మ నా ముఖం చూసింది.

“చూడమ్మా, మొన్న ఒకటి, ఇవాళ రెండు. సెంటీమీటరు సంగతి వదిలెయ్. మొన్న సర్విక్స్, అదే ఆ ముఖద్వారం, మందంగా, గట్టిగా, వెనక్కి ఉంది. ఇవాళ మెత్తబడింది, పల్చబడింది, ముందుకొచ్చింది. నీ నొప్పులు ఊరికే పోలేదు. ఇంటికెళ్ళి ఆ ఫోను మీ ఆయన దగ్గర లాక్కుని పడుకో. అసలు నొప్పి వస్తే అదే నిన్ను లేపుతుంది.”

అంతవరకూ ఆ మాట నాకు ఒక్కరూ చెప్పలేదు. అందరూ సెంటీమీటర్లే చెబుతారు. ముఖద్వారం తెరుచుకోవడానికి ముందు మెత్తబడాలి, పల్చబడాలి, బిడ్డ తల కిందికి దిగాలి, వెనక్కి తిరిగి ఉన్న ముఖద్వారం ముందుకు రావాలి. తొలి కాన్పులో ఈ పనికి రోజులు పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా అసలు జోరు 5 సెంటీమీటర్ల నుంచి అని లెక్క, అంతకు ముందు దశ ఇంతసేపే ఉండాలన్న నిర్దిష్ట కొలత లేదని చెప్పారు. అంటే మీరు వెనకబడలేదు. బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండు డాక్టరు 1872లో రాసిన బిగుతులు వేరు. అవి నెలలు నిండకముందు నుంచే వచ్చిపోతుంటాయి, చాలామందికి పెద్ద నొప్పి ఉండదు. డేటు దాటాక నడుము లాగేస్తూ వచ్చే వీటిని కూడా అదే గంపలో వేసి “దొంగవి” అనేస్తే ఎలా? ఇవి దొంగలు కావు, చీకట్లో పనిచేసే కూలీలు.

చీకటి అన్నానంటే నిజంగానే. రాత్రి ఇల్లు సద్దుమణిగి, లైటు ఆర్పి, మనసు నెమ్మదించినప్పుడే ఇవి ఎక్కువవుతాయి. పొద్దున్న హడావిడి మొదలవగానే పారిపోతాయి. ఆసుపత్రిలో ట్యూబులైటు, కొత్త ముఖాలు, టెన్షన్. నాకు అక్కడ నొప్పులు మాయమయ్యాయంటే ఇప్పుడు ఆశ్చర్యం లేదు.

ఇక తట్టుకోవడం. నా అభిప్రాయం ఒక్కటే, అదీ నర్సమ్మ దగ్గర అరువు తెచ్చుకున్నదే: లెక్కపెట్టకండి. లెక్కపెట్టిన ప్రతి రాత్రీ నేను మేలుకున్నాను, లెక్క మానేసిన ఐదో రాత్రి పడుకున్నాను. నొప్పికి నొప్పికి మధ్య పది నిమిషాలుంటే ఆ పదిలో ఎనిమిది నిమిషాలు నిద్ర దొరుకుతుంది. తర్వాతది ఎప్పుడొస్తుందో అని గడియారం వైపు చూస్తుంటే ఆ ఎనిమిదీ పోతాయి.

ఐదో రాత్రి ఏం చేశానంటే, ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం. బాత్రూంలో స్టూలు మీద కూర్చుని నడుము మీద చాలాసేపు నీళ్ళు పోయించుకున్నాను. మరీ వేడి వద్దు, తలుపు గడియ పెట్టుకోవద్దు. ఒకవేళ ఉమ్మనీరు పోయి ఉంటే మాత్రం ఈ స్నానాలు కాదు, ముందు ఆసుపత్రికి ఫోను చేయాలి. తర్వాత ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక మడత దుప్పటి. వెల్లకిలా అసలు పడుకోలేదు. పారాసిటమాల్ వేసుకోవచ్చా అని సాయంత్రమే డాక్టరుకు ఫోను చేసి అడిగాను, వేసుకోమన్నారు. ఇంట్లో ఉన్న వేరే నొప్పి మాత్రలు అడక్కుండా మింగవద్దు, వాటిలో కొన్ని ఈ సమయంలో బిడ్డకు మంచివి కావు.

నొప్పి వచ్చినప్పుడు లేచి కూర్చోలేదు. దవడ వదులు చేసి, భుజాలు దించి, ఊపిరి నెమ్మదిగా బయటికి వదలడం. లోపలికి తీసుకోవడం గురించి ఆలోచించనక్కర్లేదు, అది దానంతటదే వస్తుంది. నడుములో పోటు మరీ ఎక్కువైతే మాత్రం మంచం అంచు పట్టుకుని ముందుకు వంగేదాన్ని. మా ఆయన అరచేతి మడమతో తుంటి ఎముకల మధ్య గట్టిగా నొక్కేవాడు. మర్దన కాదు, నొక్కడం. ఫోను పక్కన పెట్టాక ఆయన చేతులు ఇంత పనికొస్తాయని తెలిసింది. నొప్పి ముందుకంటే నడుములోనే ఎక్కువగా ఉంటే బిడ్డ వీపు మీ వీపు వైపు తిరిగి ఉండవచ్చు. అలాంటప్పుడు చేతులు, మోకాళ్ళ మీద ఆనుకుని నడుము నెమ్మదిగా ఊపితే కొంత ఉపశమనం. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్ళాలి, నిండిన సంచి నొప్పిని పెంచుతుంది. ఆకలి లేకపోయినా కొద్దికొద్దిగా తినాలి, నీళ్ళు తాగాలి. అసలు పని ఇంకా ముందుంది, ఇప్పుడే ఒళ్ళు హూనం చేసుకుంటే ఎలా?

అందుకే “మెట్లెక్కు, గుంజీలు తియ్యి, ఆముదం తాగు” అనేవాళ్ళంటే నాకు మంట. నడవాలనిపిస్తే నడవండి, హాయిగా ఉంటే. నొప్పులు తెచ్చుకోవాలని రాత్రంతా గదిలో కవాతు చేస్తే మిగిలేది నీరసమే. ఆముదం సంగతైతే విరేచనాలు, వాంతులు. పురిటి నొప్పులకు అవి కూడా తోడైతే ఇంక చెప్పేదేముంది.

ఇంకో మంట ఉంది, చెప్పేస్తాను. ఈ డేటు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కకట్టి చెప్పేది అది. నేగెలె అనే జర్మన్ డాక్టరు పేరుతో రెండొందల ఏళ్ళుగా నడుస్తున్న లెక్క, అదీ అందరికీ 28 రోజుల నెలసరి అనుకుని. సరిగ్గా ఆ రోజున పుట్టే పిల్లలు ఇరవైమందిలో ఒక్కరు. అయినా ఆ తేదీ నోరు జారి చుట్టాలకు చెప్పేస్తాం. ఇక చూడండి, పొద్దున్నే మొదలు: “ఇంకా కాలేదా?” కాలేదు కాబట్టే కదా ఫోను ఎత్తింది! మా అత్తయ్య మంచి మనిషే, రోజుకు మూడుసార్లు అడిగేది. నాలుగో రోజు నేను ఫోను అమ్మకిచ్చేసి, పుట్టాక నేనే చేస్తానని చెప్పమన్నాను. ఆవిడ నొచ్చుకుంది. నొచ్చుకోనీ అనుకున్నాను. నన్నడిగితే డేటు ఎవరడిగినా రెండు వారాలు కలిపి చెప్పాలి. అబద్ధమే, కానీ ఈ ఒక్క అబద్ధం వల్ల ఎంత ప్రశాంతతో! సినిమాలది ఇంకో పాపం. ఉమ్మనీరు పోవడం, కేక, కారు, బిడ్డ ఏడుపు, అన్నీ మూడు నిమిషాల్లో. ఐదు రాత్రులు మంచం మీద దొర్లే మనిషిని ఏ సినిమావాడూ చూపించడు.

ఐదో రాత్రి పదిన్నరకు పడుకున్నాను. మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో తెలియదు, లెక్కపెట్టలేదు. నాలుగున్నరకు వచ్చింది ఒకటి. నర్సమ్మ చెప్పినట్టే లేపింది, లేపడం కాదు, మంచం మీంచి దింపేసింది. ఊపిరి వదులుతుంటే మాట రావట్లేదు. స్నానం చేసినా తగ్గలేదు, పక్కకు తిరిగినా తగ్గలేదు, నడిచినా తగ్గలేదు. అదే తేడా. దాని తర్వాత వచ్చింది ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు. అప్పుడు, అప్పుడు మాత్రమే, మా ఆయనను ఫోను తియ్యమన్నాను. ఐదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తే బయల్దేరమని మా డాక్టరు ముందే చెప్పి ఉంచారు. ఇది తొలి కాన్పుకు, ఆసుపత్రి దగ్గర్లో ఉన్నవాళ్ళకు. రెండో కాన్పైనా, దూరంలో ఉన్నా ఇంకా ముందే కదలాలి. గేటు దగ్గర వాచ్‌మన్ ఈసారి ఏమీ అడక్కుండానే చక్రాల కుర్చీ తెచ్చాడు. చెక్ చేస్తే ఆరు సెంటీమీటర్లు. అమ్మ దండం పెట్టింది, దేవుడికో నర్సమ్మకో తెలియదు.

మొత్తం కథ సుఖాంతం అనుకునేరు. ఏడు సెంటీమీటర్ల దగ్గర నొప్పులు మళ్ళీ మందగించాయి, అవి పెరగడానికి డ్రిప్ పెట్టారు. సిగ్గేమీ లేదు. ఆ సాయంత్రమే ఎలాగూ అడ్మిట్ అవ్వాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే ఆ రోజుతో నాకు 41 వారాలు నిండాయి. ఇది మాత్రం మొండిపట్టు పట్టే విషయం కాదు. 41 దాటాక బిడ్డకు ప్రమాదం మెల్లగా పెరుగుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 41 వారాలు నిండాక నొప్పులు తెప్పించడమే మేలంటోంది. మీకు ఐదు రోజులు దాటిందంటే 40 వారాల 5 రోజులు. రేపే ఫోను చేసి ఉమ్మనీరు స్కాన్ ఎప్పుడు, గుండె చప్పుడు రికార్డింగ్ ఎప్పుడు, ఎన్నో రోజు వరకూ చూస్తారు, ఈలోపు స్వీప్ చేస్తారా అని అడగండి. స్వీప్ అంటే లోపల వేలితో ఉమ్మనీటి పొరను కాస్త విడదీయడం. అదీ నొప్పే, తర్వాత ఒకటి రెండు రోజులు ఇలాంటి పద్ధతి లేని నొప్పులు, కొంచెం రక్తపు చారలు ఉంటాయి, కంగారుపడొద్దు. బీపీ, షుగర్, ముందు సిజేరియన్ లాంటివి ఉంటే నేను చెప్పిన “ఇంట్లో పడుకోండి” మీకు వర్తించకపోవచ్చు. మీ డాక్టరు మాటే మాట.

పద్ధతి లేని నొప్పులైనా సరే, పడుకోకుండా వెంటనే బయల్దేరాల్సినవి కొన్ని ఉన్నాయి. బిడ్డ కదలిక తగ్గితే, చివర్లో తగ్గడం మామూలే అని ఎవరు చెప్పినా నమ్మకండి, మామూలు కాదు. జిగురులో చార కాకుండా నెలసరిలా రక్తం పోతే. ఉమ్మనీరు పోతే, నొప్పి లేకపోయినా, అది ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే మరీ. పొట్ట వదలకుండా గట్టిగా బిగుసుకునే ఉంటే. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం ఉంటే. మొన్నే కదా వెళ్ళొచ్చాం, మళ్ళీ వెళ్తే ఏమనుకుంటారో అని మాత్రం ఆగకండి. నేను మూడో రాత్రి పరువు కోసం ఆగాను, ఆ రాత్రి బిడ్డ కదులుతోందా లేదా అని కూడా సరిగ్గా చూసుకోలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఇక్కడ కూర్చుని ఇన్ని కబుర్లు చెబుతున్నాను.

ఇవాళ రాత్రి ఆ యాప్ తీసేసి పడుకోండి. పుట్టాక ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను. “ఇంకా కాలేదా” అని మాత్రం అడగను.