మైకు మా ఆయన చేతుల్లోకి పోతోంది

తెలంగాణలో ఓ చిన్న ఊరికి ఈమధ్యే సర్పంచ్ అయిన 34 ఏళ్ల చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పదో తరగతి చదివారు. మొదటి గ్రామసభలో రెండు వాక్యాలు చదివేసరికి గొంతు పట్టేసిందట, కాళ్లు వణికాయట, పక్కనున్న భర్త మైకు తీసుకుని అరగంట మాట్లాడేశారట. అప్పటి నుంచి ఊళ్లో ఆయన్నే సర్పంచ్ సాబ్ అంటున్నారు. అత్తగారేమో "ఎవరు మాట్లాడితే ఏంది, ఇద్దరూ ఒకటే కదా" అంటున్నారు. పదిహేను రోజుల్లో మళ్లీ సభ ఉంది, ఇంట్లో గొడవ కాకుండా నేనే మాట్లాడాలంటే ఎలా అని అడిగారు.

అమ్మా, మాట్లాడటం రాదని ఉత్తరంలో మూడుసార్లు రాశారు. అదే ఉత్తరంలో ఏడేళ్లు మహిళా సంఘం లీడర్‌గా చేశానని, అప్పు కట్టని వాళ్లకు నచ్చజెప్పి కట్టించానని కూడా రాశారు. బాకీ ఉన్న మనిషికి కోపం రాకుండా డబ్బులు కట్టించిన మీకు మాట్లాడటం రాకపోవడమేంటి? సంఘంలో చాప మీద కూర్చుని మీ మాటలు మీరు మాట్లాడారు, సభలో మేనల్లుడు రాసిచ్చిన కాగితం చదివారు, తేడా అంతే. "వేదికను అలంకరించిన పెద్దలకు, విచ్చేసిన అశేష ప్రజానీకానికి" అని మొదలైందన్నారు కదా, ఆ మాటలు ఇంట్లో ఎప్పుడైనా అన్నారా? నాలుకకు అలవాటు లేని మాటే టెన్షన్‌లో ముందు ఎగిరిపోతుంది. యూట్యూబ్‌లో పెద్ద నాయకులను చూసి బట్టీ కొట్టడం కూడా ఆపేయండి. వాళ్లకు కావాల్సింది చప్పట్లు. మీ ముందు కూర్చునేవాళ్లు నల్లా ఎప్పుడొస్తుందో తెలుసుకుందామని పని మానుకుని వచ్చినవాళ్లు.

కాబట్టి నల్లాతోనే మొదలుపెట్టండి. "అందరికీ నమస్తే. చివరి వాడకట్టుకు నాలుగు రోజులుగా నీళ్లు రావట్లేదు, ఎందుకో చెప్తా." ఇంతే. ఈ రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నోటికి పట్టండి, ఎందుకంటే వణుకంతా మొదటి నిమిషంలోనే, అది దాటితే గొంతు దానంతటదే తెరుచుకుంటుంది. మిగతాది చిన్న కాగితం మీద నాలుగు మాటలు చాలు: నల్లా, మోరీ, వీధి లైట్లు, లెక్క. డబ్బు అంకెలు మాత్రం పూర్తిగా రాసుకుని చూసే చదవండి. ఖర్చు లెక్క చూసి చదివితే ఎవరూ తప్పు పట్టరు, తప్పు చెప్తే ఏడాదంతా గుర్తుంచుకుంటారు.

బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు ఒక్కడే చెప్పుకుపోడు, పక్కన వంతలు తాన అందుకుంటారు, మధ్యలో అడ్డు ప్రశ్నలేస్తారు, అందుకే జనం తెల్లారేదాకా కూర్చునేవారు. మీ సభలో జనమే మీ వంతలు. "మోరీ ముందు ఏ గల్లీ నుంచి తీయిద్దాం?" అని అడిగి ఆగండి. ఆగడమంటే నిజంగా ఆగడం, మనసులో నాలుగు లెక్కపెట్టేంతసేపు. ఆ నిశ్శబ్దానికి భయపడి మీరే జవాబు చెప్పేశారో, ఇక ఎవరూ నోరు తెరవరు. తెలియనిది అడిగితే "నాకు తెల్వదు, కార్యదర్శిని అడిగి సోమవారం చెప్తా" అనండి, సోమవారం చెప్పండి కూడా.

తలల మీదుగా గోడను చూస్తూ మాట్లాడమని ఎవరో చెప్పారన్నారు, వద్దు. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు, వెనక ఒకరు, మీ సంఘం వాళ్లనే ముగ్గుర్ని కూర్చోమని చెప్పండి, ఒక్కో మాట ఒక్కొక్కరికి చెప్తున్నట్టు చెప్పండి. లేచే ముందు ఊపిరి నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి, గుండె దడ కొంత దిగుతుంది. ఇంట్లో ప్రాక్టీసు మనసులో కాదు, నిలబడి పైకి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మీ గొంతు మీకే వింతగా ఉంటుంది, అందరికీ అలాగే ఉంటుంది. (రేడియోలో నా గొంతు మొదటిసారి విన్నప్పుడు ఎవరో జలుబు చేసినావిడ అనుకున్నాను.)

ఇక ఆయన సంగతి. మొదటిసారి మైకు తీసుకోవడం మిమ్మల్ని కాపాడటానికే అయి ఉండొచ్చు, ఆ క్రెడిట్ ఇవ్వండి. కానీ రెండు నిమిషాలు కాపాడి మైకు తిరిగివ్వాలి, అరగంట కాదు. గ్రామసభకు అధ్యక్షత వహించాల్సింది సర్పంచే, మీరు లేకపోతే ఉపసర్పంచ్, ఆ వరసలో భర్త అనే మాటే లేదు. అత్తగారికి కూడా ఇదే చెప్పండి, సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చింది ఇంట్లో ఇద్దరూ ఒకటేనని కాదు. అయితే ఇది సభలోనో, సభ నుంచి ఇంటికొస్తూ దారిలోనో ఎత్తకండి. రెండు మూడు రోజుల ముందు, అన్నం తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు "ఈసారి నేను తడబడినా మైకు అడగొద్దు, నేనే ముగిస్తా" అని ఒక్క వాక్యంలో చెప్పండి. ఆయనకో పని కూడా ఇవ్వండి: వెనక వరసలో కూర్చుని, మీ గొంతు అక్కడిదాకా రాకపోతే చెయ్యెత్తాలి. ఖాళీగా పక్కనే కూర్చోబెడితే చెయ్యి మైకు మీదకే పోతుంది. ఒప్పుకోకపోతే? మాట్లాడాలనుంటే ఊళ్లో ఓటరుగా కింద నుంచి, తన వంతు వచ్చినప్పుడు మాట్లాడమనండి. దానికి అలిగితే రెండు రోజులు అలగనివ్వండి, ఆ మాత్రం గొడవను తప్పించుకోవడానికి మీ కుర్చీ ఇచ్చేయక్కర్లేదు.

సభ రోజు అరగంట ముందే వెళ్లి మైకతనితో స్టాండు పెట్టించుకోండి, ఎత్తు మీకు సరిపోయేలా. చేతిలో మైకైతే వణుకు కనిపిస్తుంది, పక్కవాళ్లు అందుకోవడమూ సులువు. సౌండు బాక్సుల ముందుకు మాత్రం పెట్టనివ్వకండి, కూ అని అరుస్తుంది.