గనిలో దొరికిన మైలుతుత్తం మేలా? కొబ్బరికి వాడొచ్చా?

ప్రశ్న: మా తోటలో రెండు కొబ్బరి చెట్లకు మొవ్వు కుళ్ళు వచ్చింది. మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూయమన్నారు. సంతలో ఒకాయన మెరిసే నీలం రాళ్ళు చూపించి, ‘ఇది గనిలో దొరికిన అసలు మైలుతుత్తం, ఫ్యాక్టరీ సరుకు కంటే పవర్ ఎక్కువ’ అని అమ్మాడు. నిజంగా గనుల్లో దొరుకుతుందా? వాడొచ్చా? ఇంట్లో పాత మైలుతుత్తం కూడా ఉంది, పైన తెల్లబడింది.
– ఒక రైతు, భీమునిపట్నం మండలం

జవాబు: గనుల్లో దొరికే మాట నిజమే అండీ. పవర్ ఎక్కువన్న మాట మాత్రం నమ్మకండి.

మైలుతుత్తం అంటే నీరు కలిసిన రాగి సల్ఫేటు. సహజంగా దొరికేదాన్ని చాల్కాంథైట్ అంటారు. రాగి, గంధకం ఉన్న ముడి రాయికి గాలీ తేమా తగిలినప్పుడు కొంత రాగి సల్ఫేటుగా మారి నీళ్ళలో కలుస్తుంది. ఆ నీరు గని గోడల మీద జారి ఆరిన చోట నీలం పెచ్చులు కడుతుంది. చిక్కంతా నిలవడంలోనే ఉంది. లీటరు నీటిలో 300 గ్రాములకు పైగా కరిగిపోయే పదార్థం ఇది. అందుకే చిలీలోని అటకామా ఎడారి లాంటి వానల్లేని చోట్ల, చుక్వికమాటా రాగి గని దగ్గర బాగా కనబడుతుంది. మన విశాఖ వానలకు బయట ఒక్క సీజన్ కూడా మిగలదు. గిన్నెలో చిక్కటి ద్రావణం పోసి వదిలేసినా పెద్ద పెద్ద నీలం స్ఫటికాలు పెరుగుతాయి. అలా పెంచినవాటిని గని రాళ్ళని అమ్మడం చాలాచోట్ల ఉంది.

గనిదైనా, ఫ్యాక్టరీదైనా సరుకు ఒకటే: అందులో రాగి సుమారు 25 శాతం, నీరు 36 శాతం. పైగా గని రాయిలో ఇనుము కలిసి ఉండొచ్చు. ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అన్నభేది (ఇనుప సల్ఫేటు) కలిసిందేమోనని అనుమానించాలి. ఎంత శుద్ధమో తెలియని రాయిని చెట్టు మొవ్వులో పెట్టొద్దు. బిల్లు ఇచ్చే షాపులో వ్యవసాయ వాడకానికి ఉద్దేశించినది కొనండి.

మీ పాత సరుకు చెడిపోలేదు. వేడికి, పొడిగాలికి పైపొరలో నీరు పోయి తెల్లబడింది. తడిపితే మళ్ళీ నీలం అవుతుంది. నీరు పోయిన కొద్దీ అదే తూకంలో రాగి ఎక్కువ ఉంటుంది కాబట్టి, తెల్లపొడి ఎక్కువగా ఉంటే కొలత తప్పుతుంది. లోపలి నీలం గడ్డలే తూచుకోండి.

బోర్డో పేస్టులో సున్నం ఎందుకంటే, ఒట్టి మైలుతుత్తం నీళ్ళు లేత కణజాలాన్ని మాడ్చేస్తాయి, వాన పడగానే కొట్టుకుపోతాయి. సున్నం కలిస్తే రాగి కరగని రూపంలోకి మారి చెట్టుకు అంటుకుని, కొంచెం కొంచెంగా పనిచేస్తుంది.

రెండు చెట్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల మంచి సున్నం, మొత్తం లీటరు నీళ్ళు సరిపోతాయి. మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, ప్లాస్టిక్ బకెట్లో అర లీటరు నీటి పైభాగాన మునిగేలా వేలాడదీయండి. కరిగిన నీలం నీరు బరువుకి తీగలా కిందికి దిగుతుంది, మంచినీరు పైకొస్తుంది. కలియబెట్టక్కర్లేదు. అడుగున వేస్తే గంటలు పడుతుంది. మిగతా అర లీటరులో సున్నం కలిపి వడగట్టి, రెండూ కలపండి. ఇనుము, జింకు పూత గిన్నెలు వద్దు.

తర్వాత శుభ్రమైన ఇనుప కత్తిని నిమిషం పాటు ముంచి తీయండి. దానిమీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు. మరికొంత సున్నపు తేట పోసి, పూత పడనంత వరకూ మళ్ళీ చూడండి. ఈ పరీక్ష దయచేసి మానకండి.

కుళ్ళిన మొవ్వు భాగమంతా కోసేసి కాల్చేయండి. కోసిన చోట పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన పడకుండా పాలిథిన్‌తో కప్పండి. చుట్టుపక్కల చెట్లకు ఒక శాతం బోర్డో మిశ్రమం, అంటే 100 లీటర్లకు కేజీ మైలుతుత్తం, కేజీ సున్నం, మొవ్వు తడిసేలా పిచికారీ చేయండి. ఏదైనా కలిపిన రోజే వాడాలి. మొవ్వు అంతా ఊడి వచ్చేసిన చెట్టు మాత్రం దక్కదు, దాన్ని తీసేయడమే మేలు.

చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. గొర్రెలుంటే మిగిలిన నీళ్ళు వాటికి అందనివ్వకండి, రాగిని గొర్రె అసలు తట్టుకోలేదు. ఆ నీలం రాళ్ళు చూసి పిల్లలు పటికబెల్లం అనుకునే ప్రమాదం ఉంది, తాళం వేసి పెట్టండి. ఎవరైనా మింగితే ఇంటి వైద్యం చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఆ రాయి కూడా పొట్లం కట్టి డాక్టరుకు చూపించండి.
– ఉద్యాన శాస్త్రవేత్త, విశాఖపట్నం