పోలీసులు ఇచ్చిన కాగితం వారం దాటదు

కాలిఫోర్నియాలో హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద భార్యకిచ్చే వీసా) మీద ఉన్న మీ చెల్లెల్ని భర్త కొట్టాడు, పోలీసులొచ్చి ఆమె చేతికి ఒక ఆర్డర్ ఇచ్చి వెళ్లారు, ఇక భయం లేనట్టేనా అని అడిగారు. కాదండీ. పోలీసు అప్పటికప్పుడు జడ్జికి ఫోన్ చేసి తీసుకునే ఎమర్జెన్సీ రక్షణ ఆర్డర్ అది, అతను ఆమె జోలికి రాకూడదని. కోర్టు పనిదినాలు 5 గానీ, మామూలు రోజులు 7 గానీ, ఏది ముందు పూర్తయితే దాంతో సరి. గడువు కాగితం మీదే ఉంటుంది, ముందు అది చూసుకోమనండి.

ఆలోపే కౌంటీ సుపీరియర్ కోర్టులో డీవీ-100 అనే ఫారం వేయాలి, గృహహింస నుంచి రక్షణ ఆర్డర్ అడిగే దరఖాస్తు అది. ఫీజు లేదు, లాయర్ లేకపోయినా వేయొచ్చు. పిల్లలుంటే, వాళ్లు ఎవరి దగ్గర ఉండాలో అడిగే డీవీ-105 జతచేయాలి. జడ్జి ఆ రోజో, మర్నాటి పనిదినానో చూస్తారు. తాత్కాలిక ఆర్డర్ ఇస్తే, విచారణ మామూలుగా 21 రోజుల్లోపు పెడతారు.

ఫారంలో "ఎప్పుడూ కొడతాడు" అని రాస్తే బరువుండదు. "మార్చి 3 రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు, ఎడమ చెవి పైన బొప్పి కట్టింది, పాప చూసింది" అన్నట్టు రాయాలి. దెబ్బలే ఉండాలనీ లేదు. డబ్బు చేతికివ్వకుండా, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకుండా గుప్పిట్లో పెట్టుకోవడం, వీసా పేరుతో బెదిరించడం 2021 నుంచి చట్టంలో స్పష్టంగా ఉన్నాయి. వాట్సాప్ మెసేజ్‌లు తెలుగువైతే (ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా తెలుగే కదా) ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

తడబడేది కాగితాలు అందించే దగ్గర. అవి భర్త చేతికే అందాలి, కానీ ఆమె ఇవ్వకూడదు. కేసుతో సంబంధం లేని, 18 నిండిన మనిషి ఎవరైనా ఇవ్వొచ్చు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) ఆఫీసు ఉచితంగా చేస్తుంది. కోర్టు వేరే గడువు చెప్పకపోతే విచారణకు 5 రోజుల ముందు అందాలి, అందినట్టు రుజువుగా డీవీ-200 ఫారం కోర్టులో దాఖలవ్వాలి. అతను ఏ ఫ్రెండ్ ఇంట్లోనో నక్కి దొరక్కపోతే డీవీ-115తో వాయిదా అడగాలి. జడ్జి ఒప్పుకుంటే తాత్కాలిక ఆర్డర్ కొత్త తేదీ దాకా నడుస్తుంది. ఆమె విచారణకు వెళ్లకపోతే మాత్రం ఆర్డర్ చేజారినట్టే. తెలుగు దుబాసీ కావాలంటే కోర్టును ముందే అడగాలి, ఖర్చుండదు.

విచారణ తర్వాత వచ్చే ఆర్డర్ 5 ఏళ్ల దాకా ఉండొచ్చు. అది వచ్చినంత మాత్రాన ఆమె హెచ్-4 పోదు. విడాకులు ఖరారైతే పోతుంది.

ఇంకోటి. కలవకూడదు, మాట్లాడకూడదు అని ఆర్డర్‌లో ఉంటే, అతను తన తల్లి చేత "సర్దుకోమ్మా" అని ఫోన్ చేయించినా ఉల్లంఘనే. మనసు కరిగి ఆమే ఇంటికి రమ్మన్నా ఆర్డర్ రద్దవదు. మార్చాలన్నా తీసేయాలన్నా జడ్జే.