గ్రాంటు ప్రకటన చూసి అప్పు సంతకమా?

ప్రశ్న: మాది ఫిలడెల్ఫియా శివారు. రెండేళ్లుగా చిన్న థ్రెడింగ్ సెలూన్ నడుపుతున్నాను. మావారిది హెచ్-1బి వీసా మీద ఉద్యోగం. మా ప్రాంత రాష్ట్ర ప్రతినిధి పంపిన సమాచార లేఖలో పెంపుడు జంతువుల దత్తత కార్యక్రమం గురించి, చిన్న వ్యాపారాల గ్రాంట్ల గురించి చదివాం. పిల్లలు పట్టుబట్టడంతో కుక్కను తెచ్చుకున్నాం. 20,000 డాలర్ల గ్రాంటుకూ దరఖాస్తు పెట్టాను. అది వచ్చేలోగా షాపు బాగు చేయించుకోవడానికి ఒక సంస్థ రెండు రోజుల్లో 20,000 ఇస్తానంటోంది. రోజుకు 150 చొప్పున 180 పనిదినాలు మా ఖాతా నుంచి తీసుకుంటారట. అది తీసుకోమంటారా, మావారి 401(కె) అనే రిటైర్మెంటు పొదుపు ఖాతా నుంచి అప్పు తీయమంటారా? పొదుపు 6,200 ఉంది. ఇంటి ఖర్చు, షాపు ఖర్చు కలిపి నెలకు 7,500. కుక్కకు వచ్చిన వారంలోనే ఆపరేషన్ అయింది. 1,900 బిల్లును ఏడాది వడ్డీ లేని కార్డు మీద పెట్టాం.

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ప్రకటన కంటపడగానే డబ్బు చేతికొచ్చినట్టు ఖర్చు రాసేసుకోవడం అన్నింటిలోనూ కనిపించే పొరపాటే. అందుకే మీకు కాస్త వివరంగా చెబుతున్నాను.

ఆ లేఖ పంపిన ప్రతినిధి గ్రాంటు ఇవ్వరు. ఫలానా పథకం ఉంది, ఫలానా తేదీలోగా దరఖాస్తు పెట్టుకోండి అని చెప్పడం వరకే వారి పని. ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆ పథకాన్ని నడిపే శాఖ. ఆ శాఖకు డబ్బు రావాలంటే బడ్జెట్ ఆమోదం పొందాలి. మీ రాష్ట్రం పెన్సిల్వేనియాలో ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. 2025లో మాత్రం బడ్జెట్ మీద గవర్నర్ సంతకం పడేసరికి నవంబరు 12 వచ్చింది. నాలుగు నెలలకు పైగా ఆలస్యం! ఆ నాలుగు నెలల్లో మీ రోజువారీ 150 ఒక్క రోజు కూడా ఆగేది కాదు.

పైగా ఇలాంటి గ్రాంట్లలో చాలావాటిని ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తేనే చెల్లిస్తారు. ఒప్పందం కుదరకముందు చేసిన ఖర్చును లెక్కలోకి తీసుకోకపోవడం కూడా మామూలే. అంటే గ్రాంటు నమ్ముకుని ఇప్పుడే అద్దాలు, కుర్చీలు మార్పిస్తే, ఆ మార్పించడం వల్లే గ్రాంటు చేజారవచ్చు. మీ పథకం నిబంధన ఏమిటో ఆ శాఖను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అంతవరకు మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక రోజుకు 150 సంగతి. 180 రోజులకు 27,000 అవుతుంది. 20,000కు 7,000 అదనం, అదీ తొమ్మిది నెలలు తిరగకముందే. మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏడాది వడ్డీగా లెక్క కడితే 80 శాతం దాటుతుంది. ఏజెంటు మీకు ఈ అంకె చెప్పి ఉండరు. దీన్ని అప్పు అనకుండా మీ రాబోయే అమ్మకాలను ముందే కొన్నట్టు రాస్తారు కాబట్టి వడ్డీ పరిమితుల చట్టాలు అడ్డురావు. ఒప్పంద పత్రం చివరి పేజీల్లో ‘కన్ఫెషన్ ఆఫ్ జడ్జిమెంట్’ అనే షరతు ఉందేమో చూడండి. మీరు కట్టలేదని వాళ్లు చెబితే చాలు, విచారణ లేకుండానే మీ మీద తీర్పు తెచ్చుకోవచ్చని మీరే ముందుగా ఒప్పుకున్నట్టు అవుతుంది. పెన్సిల్వేనియాలో వ్యాపార ఒప్పందాలకు అది చెల్లుతుంది. ఇంత తెలిశాక కూడా ‘రెండు రోజుల్లో డబ్బు’ అని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

401(కె) అప్పు వడ్డీ పరంగా నయమే. మీ ఇంటికి మాత్రం ప్రమాదకరం. హెచ్-1బి మీద ఉన్న మనిషి ఉద్యోగం పోతే కొత్త దారి వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అదే సమయంలో ఆ అప్పు కూడా మెడమీదికి వస్తుంది. ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తీర్చలేకపోతే మిగిలింది ఆదాయంగా లెక్కకట్టి పన్ను వేస్తారు. వయసు 59½ నిండకపోతే సాధారణంగా 10 శాతం జరిమానా కూడా తప్పదు. మీ పని అనుమతి ఆయన వీసాను ఆధారం చేసుకున్నదైతే షాపు కూడా చిక్కులో పడుతుంది.

అసలు నన్ను ఆపిన వాక్యం మీ ఉత్తరంలో చివరిది. 1,900 డాలర్ల బిల్లు వస్తే కార్డు తీయాల్సి వచ్చింది. 7,500 ఖర్చున్న ఇంట్లో 6,200 పొదుపు అంటే నెల కూడా గడవదు. కుక్క తెచ్చిన బిల్లుకే ఇలా అయితే ఉద్యోగం పోయిన నెలలో ఏమిటి పరిస్థితి? షాపు గోడలకు రంగు తర్వాత సంగతి. ముందు మూడు నెలల ఖర్చు, అంటే 22,500, వేరే ఖాతాలో పోగు చేయండి. వీసా మీద బతికే కుటుంబానికి నేనైతే ఆరు నెలలు అంటాను. మీకు ఇప్పుడే 45,000 అని చెబితే చదవడం మానేస్తారని మూడుతో మొదలుపెట్టమంటున్నాను. సెలూన్‌లో వచ్చిన ప్రతి వారపు రాబడి నుంచి కొంత, ఆయన జీతం పడిన రోజే కొంత, దానంతటదే ఆ ఖాతాకు మళ్లేలా ఏర్పాటు చేసుకోండి. షాపు డబ్బు, ఇంటి డబ్బు ఇప్పటికీ ఒకే ఖాతాలో ఉంటే వాటినీ విడదీయండి.

ఆ కార్డుతో జాగ్రత్త. ‘ఏడాది వడ్డీ లేదు’ అనే ఇలాంటి కార్డుల్లో చాలావాటికి, గడువు నాటికి కొద్ది మొత్తం మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ మొత్తం కలిపి వేసే షరతు ఉంటుంది. కనీస చెల్లింపు కడుతూ పోతే తీరదు. నెలకు 160 కట్టండి, పన్నెండు నెలల్లో తీరిపోతుంది. కుక్కకు బీమా ఇప్పుడు తీసుకున్నా ఇప్పటికే ఉన్న జబ్బుకు వర్తించదు, మిగతావాటి కోసం కావాలంటే చూడండి.

షాపుకు మార్పులు తప్పవనుకుంటే ఒక్క కుర్చీ మార్చి ఊరుకోండి, అది కూడా రాబడి నుంచే. విశ్వవిద్యాలయాల్లో నడిచే స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్లలో దరఖాస్తును, ఖర్చు లెక్కలను ఉచితంగా చూసిపెడతారు. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లండి. గ్రాంటు నిజంగా వచ్చిన రోజున అంతా ఖర్చు పెట్టేయకండి. వ్యాపార గ్రాంటు మామూలుగా పన్ను పడే ఆదాయమే కాబట్టి ఎంత పక్కన పెట్టాలో మీ పన్నుల అకౌంటెంటును ముందే అడగండి.